తాయారు కట్టిన ఈకలు

తుఫాను పోయి వారం తిరక్కుండానే ఎల్లాజీ పద్మనాభం ఊళ్లో తన అక్క తాయారు గుమ్మం ముందు బండి ఆపాడు. దిగలేదు. సీటు మీద నుంచే కేకేశాడు.

“అప్పా! గోస్తని ఏట్లోకి పండుగప్ప సేప ఎక్కుతన్నాది. నాలుగు ఈకలు కట్టియ్యి.”

తాయారు ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. తలెత్తలేదు.

“నా ఈకలకి సేప పడదు ఎల్లాజీ. ఆ పని మానేసినాను.”

“ఎవలన్నారు?”

“ఎవలూ అన్నేదు. నాకు తెలుసు.”

ఎల్లాజీ కిందికి దిగాడు. బండి స్టాండు వేసి, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

ఆ ఈకల సంగతి తాయారు పెళ్లయిన కొత్తలో మొదలైంది. ఆమె భర్త శ్రీరామ్మూర్తి పోర్టులో క్రేను నడిపేవాడు. ఓడ మీద వచ్చిన విదేశీ నావికుడొకాయన అతనికి ఒక పొడుగాటి గాలపు కర్ర, అగ్గిపెట్టెలో రెండు ఈకల గాలాలు ఇచ్చి వెళ్లాడు. దీనికి ఎర అక్కర్లేదు. కర్రను వెనక్కీ ముందుకీ ఊపి దారాన్నే విసరాలి. నీళ్లలో పడ్డ ఈకలు చిన్న చేపలా కదిలితే పెద్ద చేప మోసపోతుంది. శ్రీరామ్మూర్తి విసరడం నేర్చుకునే లోపల ఆ రెండు గాలాలూ రాళ్లకు తగులుకుని తెగిపోయాయి.

“నువ్వు కుట్టగలవేటి?” అనడిగాడు.

తాయారు ద్వారకా నగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్సు పక్కన ఒక టైలరింగు షాపు నడిపేది. గాలపు ముల్లును మిషను పాదం కింద బిగించి, నాటుకోడి మెడ ఈకల్ని పట్టుదారంతో చుట్టి, జాకెట్టు అంచులో మిగిలిన జరీ పోగొకటి కలిపి కట్టింది. ఆ గాలానికే చేప పడింది. అప్పటి నుంచి చలికాలం వస్తే సెలవురోజుల్లో తెల్లారకముందే శ్రీరామ్మూర్తి, ఎల్లాజీ భీమిలి దగ్గర నది మొగకు పోయేవారు. మొగంటే నది సముద్రంలో కలిసే చోటు. ఇంటికొచ్చి ఆ రోజు నీళ్లెలా ఉన్నాయో భార్యకు చెప్పేవాడు. టీ రంగంటే ఎర్రటి డేగ పుంజు ఈక కట్టేది. బురదంటే నల్లటి కాకి పుంజు ఈక. తేరుకుంటే తెల్లది. ఆమె ఆ మొగను ఎన్నడూ చూడలేదు. వస్తానంటే, “అక్కడ నీకేటి పనే, సలికి బిగుసుకుపోతావు,” అనేవాడు.

చివరి మూడు చలికాలాలూ చేప ఇంటికి వస్తూనే ఉంది. కానీ కడిగేది తాయారే కదా. మొప్పల కింద ఐసు ముక్కలు తగిలాయి. గాలానికి పడ్డ చేపకు పెదవి చిరిగి ఉండాలి. వీటి పెదాలు బాగానే ఉన్నాయి. కంచం దగ్గర కూర్చుని ఆయన, “నీ డేగ ఈకకే పడ్డాది, ఏటనుకున్నావో,” అనేవాడు. ఆమె పులుసు పోసేది. ఏమీ అడగలేదు. తన ఈకల పని చెడిపోయిందని, అది చెప్పలేక మార్కెట్టులో కొని తెస్తున్నాడని అర్థమైంది. కళ్లజోడు మార్పించుకుంది. కట్టినవన్నీ విప్పి మళ్లీ కట్టింది. ఐసు చేపలే వచ్చాయి.

ఈ ఏడు ఆషాఢంలో డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆయన అరుగు మీదే ఒరిగిపోయాడు. తాయారు ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించింది. దినాలయ్యాక షాపు తెరిచింది. గాలాల డబ్బా మాత్రం మళ్లీ తియ్యలేదు. తన ఈకల్లో లోపమేమిటో చెప్పగలిగిన మనిషి లేడు. అదొక్కటే లోపల రాయిలా ఉండిపోయింది.

ఐసు సంగతి ఆమె మెట్టు మీదున్న ఎల్లాజీకి ఆ రోజే మొదటిసారి చెప్పింది. వింటున్నంతసేపూ అతను చెప్పు కొసతో నేల గీస్తూ కూర్చున్నాడు.

“ఆ డబ్బా అట్టుకుని రేపు నాతో రా అప్పా,” అన్నాడు చివరికి. “నీల్లు నువ్వే సూడు.”

తెల్లారేసరికి ఇద్దరూ మొగ దగ్గరున్నారు. పొగమంచు ఇంకా విడలేదు. బెల్లం పానకంలా ఉన్న నది అటు దిగుతోంది, పచ్చటి సముద్రం ఇటు ఎక్కుతోంది. రెండూ కలిసే చోట నురగ గీత. తాయారు చూసింది. చూసి ఏమీ అనుకోలేదు. ఒడ్డున బోర్లించిన తెప్ప మీద కూర్చుని, కాలి వేళ్ల మధ్య ముల్లు బిగించి డేగ ఈక కట్టడం మొదలుపెట్టింది. చలికి వేళ్లు తిమ్మిరెక్కాయి. దారం రెండుసార్లు జారింది.

“జరీ ఎక్కువెయ్యకు, పెల్లికెల్తన్న సేపనుకుంటాది,” అన్నాడు ఎల్లాజీ.

“నీ పెల్లికి నాను కుట్టిన జాకెట్టుకున్నంత లేదులే.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు కానీ ముడి బిగించింది.

చాలాసేపు ఏమీ పడలేదు. ఎల్లాజీ విసురుతున్నాడు, లాగుతున్నాడు, రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ విసురుతున్నాడు. తాయారు దారం వంక తప్ప ఎటూ చూడలేదు. ఎండ పొడ నీళ్ల మీద పడే వేళకు దారం ఒక్కసారిగా బిగిసింది. కర్ర విల్లులా వంగింది.

“అప్పా! పడ్డాది!”

చేప నీళ్లలోంచి లేచి తల విదిలించింది. ఎల్లాజీ దారం వదిలాడు, చుట్టాడు, తిట్టాడు, మోకాలి లోతు నీళ్లలోకి దిగి దాన్ని ఇసుక మీదకు ఈడ్చుకొచ్చాడు. తాయారు దగ్గరకు వెళ్లి వంగింది. డేగ ఈక పెదవి మూలలో దిగబడి ఉంది. చుట్టూ కొంచెం చిరిగి రక్తం వస్తోంది.

“మరి ఆ మూడేల్లూ నా ఈకలకేటైనాది?” అంది.

“నీ ఈకలకేటీ కానేదప్పా. మొగే పూడిపోనాది. వానల్లేవు, పైనుంచి నీరు రానేదు. అదిగో, అక్కడ నుంచి ఇక్కడి దాకా ఇసక దిబ్బ. కుర్రోల్లు దాని మీద క్రికెట్టాడీవోరు. సముద్రం నుంచి సేప లోనికెలాగొత్తాది? మొన్న వరదకి కదా దిబ్బ తెగింది.”

తాయారు ఆ దిబ్బ ఉండాల్సిన చోటును చూసింది. అక్కడిప్పుడు నీళ్లు పోతున్నాయి.

“సేప లేనప్పుడు ఇక్కడేటి సేసీవోరు?”

“ఏటి సేత్తాం? కూకునీవోలం. ఎండెక్కినా బావ లేచీవోడు కాదు. ‘ఇప్పుడే ఇంటికెల్తే అనుమానిత్తాది బావా, ఇంకాసేపాగుదాం’ అనీవోడు. తర్వాత మార్కెట్టుకెల్లీవోలం.”

“నాకు సెప్పొచ్చు కదా.”

“సెప్తే నువ్వు కట్టడం మానేత్తావని.”

చేప తోక ఇసుకను రెండుసార్లు కొట్టి ఊరుకుంది.

“మానేద్దును,” అంది తాయారు.

చేతులు నది నీళ్లలో కడుక్కుంది. ఆ చలి కూడా వేళ్లకు తెలియలేదు. ఎల్లాజీ చేపను సంచిలో పెట్టి ఆమెకు అందించబోయాడు.

“నువ్వట్టుకెల్లు. మీ ఇంట్లో వండుకోండి. నాకు షాపుంది.”

భీమిలిలో బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికింది. పక్కావిడ చేపల వాసనకు పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. తాయారు ఒళ్లోని డబ్బా మూత తీసి, మిగిలిన డేగ ఈకల్ని వేలితో సర్దుతోంది. అతను మళ్లీ అడిగాక, “కాంప్లెక్సు,” అంది.