తుట్టెల బండ కింద

మా అక్కకు యాభై దాటాక సైకిల్ పిచ్చి పట్టుకుంది. చిన్నప్పుడు లక్సెట్టిపేట నుంచి పత్తి చేనుకు బాపుకు సద్ది తీసుకెళ్లేది సైకిల్ మీదే. పెళ్లయ్యాక మానేసింది. బావ దుబాయిలో లారీ నడుపుతాడు, పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు. మోకాళ్ల నొప్పికి డాక్టర్ నడవమంటే, నడక నచ్చక గేర్ల సైకిల్ కొనుక్కుంది. ఒంటరిగా అడవి దారులు పట్టనివ్వలేక నేనూ ఒకటి కొన్నాను. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి మా తిరుగుడు శనివారాల్లో. గోదావరి గట్టు, కడెం కాలువ దారి, కవ్వాల్ అడవి అంచు. వీటిలో మేం తొక్కని మట్టిబాట లేదనుకుంటాను.

ఆ జనవరిలో, చలి ఇంకా తగ్గకముందే, ఒక జలపాతం చూడటానికి బయల్దేరాం. పేరు రాయను. ఎవరో చెబితే తప్ప అక్కడికి దారి తెలియదు, అలాగే ఉండనీ. జన్నారంలో మేనత్త ఇంట్లో రాత్రి పడుకుని, తెల్లవారగానే అడవిలో పడ్డాం. టేకు ఆకుల మీద మంచు కారుతోంది. చివరి మలుపులో సైకిళ్లు దిగి, రాళ్ల మీదుగా మోసుకుంటూ కిందికి చేరాం. వానాకాలపు ఉరవడి లేదు. బండ మీంచి నీళ్లు సన్నగా, తెల్లగా, మడుగులోకి జారుతున్నాయి. ఆ పక్కనే ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ కింద తేనెతుట్టెలు వేలాడుతున్నాయి, ఒక్కొక్కటి చాటంత. దగ్గరకు వెళ్లకుండా దూరంగా చెట్టు నీడన దుప్పటి పరిచింది అక్క. అటుకులు, బెల్లం తీసింది.

అప్పుడే ఒక కారు వచ్చి పైన దారి చివర ఆగింది. నలుగురైదుగురు మగవాళ్లు సీసాలూ గిన్నెలూ కోడిమాంసమూ పట్టుకుని దిగారు. సరిగ్గా ఆ బండ కిందే మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు.

అక్క లేచి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను.

“తమ్మీ, పొయ్యి జర ఇంకోతాన పెట్టుకోండ్రి. పైన తుట్టెలున్నయ్. పొగ తాకితే ఎవ్వర్ని ఇడ్సిపెట్టయ్,” అంది.

వాళ్లలో ఎర్ర చొక్కా వేసుకున్నవాడు తలెత్తి కూడా చూడలేదు. “గీ జాగ మీ అయ్యదా?”

“మా అయ్యది కాదు. పానాలు మీయని చెప్తున్న.”

“ఆడిదానివి, సైకిల్ తొక్కుకుంట అడివిల తిరుగుతున్నవ్. నువ్వు మాకు సుద్దులు చెప్తవా? పో, నీ పని నువ్వు చూస్కో.”

మిగతావాళ్లు నవ్వారు. అక్క పొయ్యి పక్కన వాళ్లు పెట్టుకున్న నీళ్ల బిందె ఎత్తి మంట మీద కుమ్మరించింది. నిప్పు చచ్చింది గానీ, పచ్చి కట్టెల్లోంచి తెల్లటి పొగ సుడులు తిరుగుతూ నేరుగా బండ మీదికి లేచింది.

ఎర్ర చొక్కావాడు లేచి ఆమె చెంప మీద కొట్టాడు. చెయ్యి ఊపి, బలమంతా పెట్టి కొట్టాడు. అక్క రాళ్ల మీద బోర్లా పడింది. లేచేసరికి పెదవి చీలి, రక్తం గదుమ మీదికి కారుతోంది.

నేను వాడి మీదికి దూకాను. నాకు కొట్లాట అలవాటు లేదు. రెండు చేతులూ వాడి మెడకు చుట్టి ఎలా కింద పడేయాలో తెలియక ఊగుతుంటే, వెనకనుంచి ఇద్దరు పట్టుకున్నారు. డొక్కలో మోకాలు దిగింది. గాలి ఆడలేదు. కింద పడ్డాక బూటుకాళ్లతో తన్నారు. ముందు నడుం మీద, తర్వాత భుజం మీద. ఒకడు నా సైకిల్ ఎత్తి మడుగులోకి విసిరాడు. ఇంకొకడు నా మెడ మీద కాలు పెట్టి నొక్కాడు. నోట్లోకి ఇసుక వచ్చింది. వాడు మామూలు గొంతుతో, “సంపుదామా వీన్ని?” అని మిగతావాళ్లను అడగడం వినిపించింది. వాడు పరాచికానికి అన్నాడో, నిజంగా అడిగాడో నాకిప్పటికీ తెలియదు.

అక్క తన సైకిల్ దగ్గరికి పరుగెత్తి, సీటు కింద చుట్టి ఉన్న తాళం గొలుసు ఊడదీసింది. వేలి లావు ఇనుప గొలుసు. అది గాలిలో తిరిగిన చప్పుడు విన్నాను. మొదటి దెబ్బ ఎర్ర చొక్కావాడి కనుబొమ్మ మీద పడింది. చర్మం తెరుచుకుని రక్తం రెండు కళ్లలోకీ దిగింది. వాడు మొహం పట్టుకుని కూర్చుండిపోయాడు. రెండో దెబ్బ నా మెడ మీద కాలు పెట్టినవాడి ముంజేతికి తగిలింది. వాడు కేక పెట్టి వెనక్కి పడ్డాడు. అక్క మూడోసారి గొలుసు ఎత్తింది. ఆమె మొహం నేనెన్నడూ చూడని మొహం.

ఆ క్షణంలో తుట్టెల బండ నుంచి ఒక నల్లటి గుడ్డ ఊడిపడినట్టయింది. తర్వాత మోత.

తేనెటీగలు ఎవరినీ ఏరుకోలేదు. నా చెవిలో ఒకటి, కనురెప్ప మీద ఒకటి, తెరిచిన నోట్లో నాలుక మీద ఒకటి. ఒక్కో కాటు మేకు దిగినట్టుంది. అక్క గొలుసు పారేసి నా చొక్కా పట్టుకుని లాగింది. దారిలో దుప్పటి అందుకుని, పొదల్లోకి ఈడ్చుకెళ్లి, ఇద్దరి మీదా కప్పింది. దుప్పటి మీద వాన పడుతున్నట్టు ఈగలు కొట్టుకుంటున్నాయి. లోపలికి దూరినవాటిని నలిపేస్తూ, ఒకరి ఊపిరి ఒకరి మొహాల మీద వదులుతూ పడుకున్నాం. పైన కారు స్టార్ట్ అయిన చప్పుడు, అది వెళ్లిపోయిన చప్పుడు.

ఆ తర్వాత ఒక మనిషి అరుపు. ఆగకుండా.

అక్క దుప్పటి అంచు ఎత్తి చూసింది. నేనూ చూశాను. ఎర్ర చొక్కావాడు మడుగు ఒడ్డున గుండ్రంగా తిరుగుతున్నాడు. చొక్కా ఎరుపు కనిపించడం లేదు, అంతా ఈగలే. తన మొహం తనే చేతులతో బాదుకుంటున్నాడు. రాయికి తట్టుకుని పడి, లేచి, మళ్లీ బండవైపే నడుస్తున్నాడు.

“నువ్వు ఈడనే పండుకో. మొఖం భూమికి ఆనించు,” అంది అక్క.

“పోవద్దక్కా. సావనియ్యి వాన్ని.”

“కండ్లల్ల నెత్తురు పడి వానికి తొవ్వ కానొస్తలే. నేను కొట్టిన దెబ్బనే గది.”

దుప్పటి లాక్కుని పోయింది. నా మీద ఏమీ లేదు. ఎండుటాకుల్లో మొహం దూర్చి, మెడ వెనక చేతులు అడ్డం పెట్టుకుని, ఆమెను తిట్టుకుంటూ పడి ఉన్నాను. ఆ చేతులు తర్వాత అరటికాయల్లా ఉబ్బాయి.

కాసేపటికి ఓపలేక తల తిప్పి చూశాను. అక్క దుప్పటితో సహా వాడి మీద పడింది. ఎవరో మళ్లీ కొడుతున్నారనుకుని వాడు లోపలినుంచి పిడికిళ్లతో ఆమెను గుద్దుతున్నాడు. ఒక దెబ్బ ఆమె ముక్కు మీద పడింది. ఆమె తిరిగి గుద్దింది. “కదలకురా, సస్తవ్. పండుకో,” అని అరుస్తూ వాడి ఛాతీ మీద మోకాలు వేసి అదిమి పట్టింది. ఆమె వీపు సగం దుప్పటి బయటే ఉంది. జాకెట్ మీద, జడ మీద ఈగలు గుత్తులుగా వాలాయి. వాడు అలిసిపోయేదాకా, ఈగలు తగ్గేదాకా ఆమె ఆ మోకాలు తీయలేదు.

కట్టెల కోసం వచ్చిన గోండు ఆలుమగలు మమ్మల్ని చూసి గూడెం నుంచి ఆటో తెప్పించారు. ఆటోలో వాడు మా ఇద్దరి కాళ్ల మీద అడ్డంగా పడుకున్నాడు. దారి పొడవునా వాంతులు చేసుకున్నాడు. అక్క కళ్లు రెండూ మూసుకుపోయాయి. అయినా వాడి తల పక్కకు తిప్పి పట్టుకుంది. ఉట్నూరులో సూదులు వేసి, ముగ్గురినీ ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు పంపించారు.

అక్కడ నర్సు మా ఒంట్లోంచి ముళ్లు గీకి తీస్తుంటే, పక్క మంచం మీది మరాఠీ ముసలమ్మ చూడలేక గోడవైపు తిరిగి పడుకుంది. వాడికి బీపీ పడిపోయి ఊపిరి అందలేదు. గొట్టం పెట్టారు. మొదటి రాత్రి వాడు బతకడనే అనుకున్నారు. బతికాడు. ఒక చెవి మాత్రం సరిగ్గా వినిపించకుండా పోయింది.

మేం ఇంటికి చేరిన కొద్దిరోజులకు వాడి మామ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. ఒక ఆడమనిషి కావాలని పొగ లేపి, గొలుసుతో తన అల్లుడి తల పగలగొట్టిందని. మమ్మల్ని పిలిపించారు. వాడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కనుబొమ్మ మీద కుట్లు. ఎస్సై వాడిని అడిగాడు: “ఏం జరిగిందో నువ్వు చెప్పు.”

“నేనే ముందుగాల కొట్టిన సార్. ఆమె గొలుసుతోని కొట్టింది. మావోళ్లు నన్ను ఇడ్సిపెట్టి పోయిన్రు. ఆమెనే మల్లొచ్చి గుంజుకొచ్చింది. మాకు కేసు వద్దు.”

మామ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎస్సై ఊపిరి వదిలి, “ఇగ రాజీ అయినట్టేనా?” అన్నాడు అక్కతో.

“కాలే సార్,” అంది అక్క. “నేను కేసు పెడ్త. నన్ను కొట్టిండ్రు, మా తమ్ముని మెడ మీద కాలు పెట్టిండ్రు. నేను కొట్టింది గూడ రాసుకోండ్రి.”

వాడు తలెత్తాడు. “మరి నన్నెందుకు కాపాడినవ్?”

“అది వేరే, ఇది వేరే.”

చర్చి అయ్యగారు ఇంటికి వచ్చి, క్షమించమని దేవుడు చెప్పాడు కదమ్మా అని మెల్లగా అన్నాడు. అక్క ఆయనకు చాయ్ ఇచ్చింది. “క్షమించిన అయ్యగారు. వాని కోసం ప్రార్థన గూడ చేస్తున్న. కానీ సాచ్చెం అబద్ధం చెప్పొద్దని గూడ ఆయనే చెప్పిండు,” అంది. అయ్యగారు చాయ్ తాగి వెళ్లిపోయాడు. బావ దుబాయి నుంచి ఫోన్‌లో అరిచాడు, పరేషాన్ ఎందుకు తెచ్చుకున్నవని. అక్క ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకు వెళ్లినప్పుడల్లా కోర్టు వరండాలో వాడు ఎదురవుతాడు. మిగతావాళ్లు మమ్మల్ని చూసి స్తంభం చాటుకు జరుగుతారు. మొన్నటి వాయిదాకు కూర్చునే జాగా లేదు. వాడు లేచి, వినిపించే చెవి అక్కవైపు తిప్పి, “కూసో అక్కా,” అన్నాడు. అక్క బల్ల మీద ఒక చివర కూర్చుంది. పిలుపు వచ్చేదాకా వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల జడ్జి ముందు అక్క జరిగింది జరిగినట్టే చెప్పింది. బిందె ఎత్తింది, నీళ్లు పోసింది, గొలుసు ఎన్నిసార్లు తిప్పింది, ఏదీ దాచలేదు.