గోజో పడవలో నా దస్తీ

ఒక్క దస్తీతో, అదే చేతిరుమాలుతో, సముద్రం మీద పడవను ఆపిన మనిషిని ఎప్పుడైనా చూశారా? అయితే నన్ను చూడండి. మాది దేవరుప్పుల. ఘనకార్యం జరిగింది మాత్రం మధ్యధరా సముద్రంలో, మాల్టా దీవుల దగ్గర.

గోజో అనే దీవిలో ఒక వృద్ధాశ్రమంలో నాకు ఉద్యోగం దొరికింది. "మొదటి రోజే ఆలస్యమైతే ఇంకొకరిని చూసుకుంటాం" అని ఆశ్రమం నడిపే పెద్దావిడ ముందే కబురు పెట్టింది. ఆ ఉద్యోగం కోసం నేను మొక్కని దేవుడు లేడు. అక్కడే పనిచేసే, నెల్లికుదురు ఊరి స్వరూపక్క నన్ను తీసుకెళ్లడానికి పెద్ద దీవికి వచ్చింది. అక్కడినుంచి గోజోకు పడవలో పోవాలి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. జనగామ బస్టాండులో వచ్చిన బుద్ధి విమానమెక్కి కూడా నాతోనే వచ్చింది. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టడంలో నాకు సాటి లేదు మరి! పడవ తలుపు తీయగానే ఉరికాను. ఒక సీటు మీద బ్యాగు, పక్క సీటు మీద దస్తీ, ఎదుటి సీటు మీద నీళ్ల సీసా. పడవ సగం ఖాళీగా ఉందన్న సంగతి చూసే తీరిక ఎవరికుంది? గెలిచినదానిలా పైకెక్కి, అక్క పక్కన నిలబడి సముద్రం చూడసాగాను.

కొమీనో అనే చిన్న దీవి దాటుతుంటే మైకులో ఏదో చెప్పారు. ఆ ఇంగ్లిష్ నాకు అందలేదు.

"ఏమంటున్నరక్కా?"

"ఎవలో బ్యాగు ఇడిసిపెట్టి పోయిన్రట. ఎవలదో తేలేదాక ఎవల్నీ దిగనియ్యరట."

"గింత సోయి లేనోళ్లు గూడ ఉంటరా!" అన్నాను, ఎంతో బాధ్యతగా.

"ఎర్ర బ్యాగట. పక్కకు ఒక దస్తీ, నీళ్ల సీస..." అంటూ అక్క నా మొహం చూసింది. "రేణుకా, గది నీదేనా?"

"సీటు వట్టిన అక్కా..."

"నీ తెల్విల మన్ను వడ! ఖాళీ పడవల నీ సీటు ఎవలు గుంజుకుంటరే?"

కిందికి వెళ్లేసరికి జనాన్నంతా దూరం నెట్టి, ఇద్దరు సిబ్బంది నా బ్యాగుకు కాపలా కాస్తున్నారు. పడవ గోజో రేవుకు చేరినా తలుపు తీయలేదు. బ్యాగు విప్పితే సకినాల డబ్బా బయటపడింది. ఒకాయన ఒక సకినం ఎత్తి, చుట్టలు చుట్టిన తీగేమో అన్నట్టు అనుమానంగా చూశాడు. నేను భయంతో ఒకటి నోట్లో వేసుకుని నమిలి చూపించాను. ఆయనా కొరికాడు. కరకరమన్న ఆ చప్పుడు విన్నాక గానీ తలుపు తెరుచుకోలేదు.

మేం ఆలస్యంగా చేరేసరికి ఆశ్రమం గేటు దగ్గరే పెద్దావిడ నిలబడి ఉంది. అక్క జరిగిందంతా చెప్పింది. ఇక నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"దస్తీ వేస్తే మీ ఊళ్లో నిజంగా ఆ సీటు ఎవరూ తీసుకోరా?" అని అడిగిందావిడ.

అక్క ఆ మాట తెలుగులో చెప్పగానే, "తీస్కోరమ్మా, గది మా దగ్గర మాటిచ్చినట్టే" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి, "లోపలికి రా, ముసలివాళ్లు కాఫీ కోసం చూస్తున్నారు" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఈ ముచ్చట ఆశ్రమంలో ముసలమ్మలందరికీ చేరింది. ఇప్పుడు భోజనాల వేళ ఏ కుర్చీ మీద చూసినా దస్తీయే. ఒకావిడ తోటలోంచి కిటికీ గుండా విసురుతోంది, నాకంటే గురిగా! నిన్న పెద్దావిడకే కూర్చునే చోటు దొరకక, పళ్లెం పట్టుకుని గోడకానుకుని తింటూ "రేణుకా!" అని కేక పెట్టింది.

అందుకని సమ్మక్క సారక్కల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దీవిలోనూ, ఏ పడవలోనూ, కూర్చోకముందు ఏ సీటునూ నాది అనను.