మైకు తెరుచుకున్న చప్పుడు

ఆ హాల్లో గోడ గడియారం లేదు. ఎత్తున ఉన్న ఒకే ఒక కిటికీలోంచి ఎండ దిగి, నేల మీద చదరంగా పడి, ఎవరూ చూడనప్పుడు కొంచెం కొంచెంగా జరుగుతోంది. పొద్దున అది గుమ్మం దగ్గర ఉంది. చివరి బల్లను దాటి గోడ ఎక్కే వేళకు గంట కొడతారు. ఆ తర్వాత ఎవరి కాగితమూ తీసుకోరు.

ఆ చివరి బల్ల మైకమ్మది.

ఊళ్ళో అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు. బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేది ఆవిడే. ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు, ముఖం తెలిసినవాళ్ళు తక్కువ. ఎక్కడో కూరగాయల కొట్లో నిలబడి "అర కిలో వంకాయలు" అంటే చాలు, కొట్టాయన తలెత్తి, "అమ్మా, మీరా! ఏ ప్లాట్‌ఫారం మీదికి పంపమంటారు?" అంటాడు. ఆవిడ నవ్వి సంచీ పట్టుకుంటుంది.

పెళ్ళయిన ఏడాదే ఆ ఉద్యోగంలో చేరింది. చిన్న గది, ముందు పెద్ద అద్దం. మైకులోకి గోల రాకూడదని గదిని గట్టిగా బిగించారు. అందుకని బయటి చప్పుడేదీ లోపలికి రాదు. బస్సులు మబ్బుల్లా నిశ్శబ్దంగా వచ్చి ఆగుతాయి. మనుషులు పోట్లాడుకుంటారు, వీడ్కోలు చెప్పుకుంటారు, పిల్లల్ని కోప్పడతారు. అన్నీ పెదవుల కదలికలే. ఒక బస్సుకూ ఇంకో బస్సుకూ మధ్య మైకమ్మ ఆ పెదవులకు మాటలు ఇచ్చేది. రద్దయిన టైంటేబుళ్ళ వెనకవైపు రాసుకునేది. కొన్నాళ్ళకు అవి చిన్న చిన్న సినిమా కథలయ్యాయి. డిపోలో మెకానిక్ అయిన మొగుడు ఒకటి రెండు చదివి, "నీ మనుషుల నోళ్ళకి బ్రేకులు లేవే. ఎక్కడో గుద్దేస్తారు" అన్నాడు. అన్నాడే గానీ, కొత్త పెన్నులు తెచ్చి పెట్టేది ఆయనే.

ఇప్పుడు ఆ అద్దాల గదిలోకి యంత్రం వస్తోంది. ఎవరిదో రికార్డు చేసిన గొంతు, అన్ని ఊళ్ళ పేర్లూ ఒకే తీరున చదివే గొంతు. మైకమ్మను పార్శిల్ ఆఫీసుకు మారుస్తున్నారు. కిటికీ లేని గది. సీలు వేసిన పెట్టెలు. వాటికి పెదవులు ఉండవు.

అందుకే ఈ పోటీకి వచ్చింది. ఒక సినిమా కంపెనీ వాళ్ళు ఒక షరతు పెడతారు. ఆ షరతులో ఇమిడే చిన్న సినిమా స్క్రిప్టును ఒక్క పూటలో, ఇక్కడే కూర్చుని రాయాలి. గెలిచినవాళ్ళకు కంపెనీ రచనా విభాగంలో ఒక కుర్చీ. ఒక్కటే కుర్చీ. అది దొరక్కపోతే పెట్టెల గది.

పొద్దున ఎడిటర్ గారు, అంటే సినిమాలను కోసి అతికే ఆ పెద్దాయన, వేదిక మీది మైకు సర్దుకుని షరతు చదివారు. కథలో ఇద్దరు మనుషులు ఉండాలి, వాళ్ళ మధ్య ఒక తలుపు ఉండాలి. సినిమా మొత్తంలో ఎక్కడా మనిషి మాట వినిపించకూడదు. ఉత్తరమో బోర్డో చూపించి చదివించడమూ కుదరదు.

పక్క బల్ల దగ్గర పెళ్ళి వీడియోలు తీసే ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, "అయ్యో పాపం, మైకమ్మ గారికి మూగ సినిమా ఇచ్చారండోయ్! చేపని చెట్టెక్కమన్నట్టుంది" అన్నాడు. చుట్టూ నవ్వారు.

"మీరు ఆ కెమెరా దించి రాయండి ముందు. చేతిలో పెన్ను ఆడకపోతే మీకు నోరు ఆడుతుంది" అంది మైకమ్మ పక్కనున్న అమ్మాయి.

ఆ అమ్మాయి ఆవిడ ఆడపడుచు. రక్తపరీక్షల ల్యాబులో నెత్తురు తీసే పని. ఇంట్లో అందరూ సూది అంటారు, ఉద్యోగాన్ని బట్టీ, నోటిని బట్టీ. ఒక్కొక్క జట్టులో ఇద్దరు ఉండవచ్చన్నారు కాబట్టి సెలవు పెట్టి వచ్చింది. వాళ్ళ పద్ధతి ఎప్పుడూ ఒకటే. వదిన రాస్తుంది, సూది దాన్ని ఊరికే చదవదు, చేసి చూపిస్తుంది. నడవమంటే నడుస్తుంది, ఏడవమంటే ముఖం అటు తిప్పుకుంటుంది. ఎక్కడ సాగదీసినట్టుందో, ఎక్కడ ఊపిరాడటం లేదో ఆ పిల్ల ఒంట్లో తెలిసిపోతుంది.

చివరగా ఎడిటర్ గారు ఇంకో మాట అన్నారు. "మా దగ్గర ఒక అలవాటుంది. గెలిచినవాళ్ళ పేరు చదవం. వాళ్ళ కథలోంచి ఒక ముక్కని ఇక్కడే చేసి చూపిస్తాం. ఎవరిదో వాళ్ళకే తెలుస్తుంది."

ఎండ చదరం గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

మైకమ్మకు మొదట ఏమీ తోచలేదు. చిత్తు కాగితం మీద ఒక మనిషిని నిలబెట్టేది, ఆ మనిషి వెంటనే నోరు తెరిచేవాడు. కొట్టేసేది. మళ్ళీ ఇంకొకడు. అద్దం అవతల నిశ్శబ్దంగా కదిలే అన్ని పెదవులకు మాటలిచ్చిన చెయ్యి, ఇవాళ ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకోవాలి. అలా తీసుకుంటూ పోతే మిగిలింది అద్దమే. అప్పుడు దొరికింది.

బస్టాండు. వెయిటింగ్ రూము. అద్దం తలుపు. లోపల ఊరు విడిచి వెళ్తున్న కూతురు, బయట ఆమెను దిగబెట్టడానికి వచ్చిన తండ్రి. పోట్లాడుకున్నారు. అతను లోపలికి రాడు, ఆమె బయటికి వెళ్ళదు. అతని చేతిలో ఆమె మర్చిపోయిన గొడుగు. తలుపు దాకా వస్తాడు, ఆగుతాడు. ఆమె చూడనట్టు చూస్తుంది. బస్సు కదిలే వేళవుతుంది. అప్పుడు తలుపు ఒక్కసారి తెరుచుకోవాలి.

పెన్ను పరిగెత్తింది. చిత్తు అయ్యాక ముద్ర వేసిన కాగితాల మీద మంచిగా ఎక్కించింది. పోటీ పెట్టినవాళ్ళు ఇచ్చినవే వాడాలి, ఇంకోటి అడిగినా ఇవ్వరు, కొట్టివేతలు ఉండకూడదు. అంతా ఎక్కించాక ఒకే ఒక తెల్ల కాగితం మిగిలింది. ఎండ పక్క బల్లను తాకుతోంది.

"లేవే, చేసి చూడు" అంది మైకమ్మ కాగితాలు అందిస్తూ.

సూది బల్లల మధ్య ఇరుకు దారిలోకి వెళ్ళింది. తండ్రి అయింది. భుజాలు వంగాయి. లేని గొడుగును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చింది. లేని తలుపు ముందు ఆగింది. ఇటు తిరిగి కూతురయింది. సంచీ జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. వీడియో ఆయన రాయడం ఆపి చూస్తున్నాడు. మైకమ్మ లోలోపల మురిసిపోతోంది.

సూది చేతిలోని కాగితం తిప్పింది. నోరు తెరిచింది. తెరిచి, అలాగే ఉండిపోయింది.

"ఏమయిందే? చెయ్యి."

"ఎలా చెయ్యను?"

"ఎలా ఏమిటి, ఉన్నది చెయ్యి."

సూది దగ్గరికి వచ్చి, వంగి, గొంతు బాగా తగ్గించింది. "వదినా, ఇక్కడ ఏం రాశావో చూశావా? 'ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరికొద్దిసేపట్లో బయలుదేరును. ప్రయాణికులు గమనించగలరు.' అది వినగానే కూతురు లేస్తుందని రాశావు."

"అవును. అనౌన్స్‌మెంటు రాకపోతే ఎలా లేస్తుంది?"

"అది మాట కదా వదినా!"

మైకమ్మ ఆ కాగితం వంక చూసింది. ఆవిడకు అది మాటగా తోచనే లేదు. ఇంజను చప్పుడు రాసింది, వాన చప్పుడు రాసింది, వాటి పక్కన దీన్నీ రాసింది. ఇన్నేళ్ళుగా రోజంతా తన నోట్లోంచి వచ్చినదాన్ని ఆవిడ ఎన్నడూ మాటల్లో జమ కట్టలేదు. అది ఫ్యాను తిరిగినట్టు, కుళాయి కారినట్టు ఉండేది. మాటలంటే ఆ టైంటేబుళ్ళ వెనక రాసుకున్నవి.

కాగితాన్ని వెలుగుకు జరుపుకుని మళ్ళీ చదివింది.

"తీసేద్దాం" అంది సూది. "బస్సు హారను పెడదాం."

"హారన్లు అక్కడ రోజంతా మోగుతూనే ఉంటాయి. ఎవరూ తలెత్తరు."

"పోనీ, గడియారం చూసుకుంటుంది."

"గడియారం చూసుకుంటే తనంతట తనే వెళ్ళిపోతుందే. నాన్న వంక చూడదు. కథంతా ఆ చూపే కదా." మైకమ్మ గొంతు వణికింది. ఊరంతా ఎరిగిన ఆ గొంతు వణకడం సూది ఎప్పుడూ వినలేదు.

ఎండ చదరం అంచు వాళ్ళ బల్ల కాలి మీదికి ఎక్కింది.

వీడియో ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు. "ఏమండీ, అయిపోయిందా? నేను ఇచ్చేసి వస్తున్నా" అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు. సూది ముఖం చూసి, ఏదో అడగబోయి, మానుకుని వెళ్ళాడు. ఆయన వెనకే ఇంకొందరు లేచారు. కుర్చీలు నేలను గీకుతున్నాయి.

"వదినా, ఏదో ఒకటి రాయి. నీకు దండం పెడతాను."

మైకమ్మ కళ్ళు మూసుకుంది. మూసుకుంటే అద్దాల గది. మైకు. దాని కింద గుండ్రటి మీట. నొక్కితే ముందు గంట మోగుతుంది, తర్వాత మైకు తెరుచుకున్నట్టు ఒక చిన్న చప్పుడు, తర్వాత ఆవిడ. ఎప్పుడూ ఇదే వరస. ఒక్కసారి తప్పింది. జలుబు చేసి గొంతు పూడుకుపోయిన రోజు. మీట నొక్కింది, గంట మోగింది, మైకు తెరుచుకుంది, మాట రాలేదు. ఊపిరి ఒక్కటే వచ్చింది. అద్దం అవతల అంత పెద్ద బస్టాండూ ఒక్కసారిగా తలెత్తింది. వేరుశనగలు ఒలుస్తున్నవాడు, పిల్లను చంకనెత్తుకున్నావిడ, డ్రైవర్లు, అందరూ రాని మాట కోసం పైకి చూస్తూ నిలబడిపోయారు. కంట్రోలర్ పరిగెత్తుకొచ్చి, "ఏంటమ్మా, నోట్లో ఏం పెట్టుకున్నావు? అవతల బస్సు కదిలిపోతోంది!" అని అరిచాడు. ఆ సిగ్గులో ఆవిడ ఒక సంగతిని మనసులోనే మూట కట్టేసింది. మాట రాదని తెలిశాక ఆ తలలు దిగాయి. దిగేటప్పుడు నేల వంక దిగలేదు. చూపులు ఒకరి ముఖంలోకి ఒకరివి దిగాయి.

కళ్ళు తెరిచింది.

ఆ మాట ఉన్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. తెల్ల కాగితం లాక్కుంది. తప్పు పడితే ఇంకోటి లేదు. ఒక్కొక్క అక్షరాన్నీ బస్సులోకి ఎక్కించినట్టు ఎక్కించింది.

గంట మోగుతుంది. మైకు తెరుచుకున్న చప్పుడు. ఒక ఊపిరి. మాట రాదు. బస్టాండులో అందరూ తలెత్తుతారు. తండ్రీ తలెత్తుతాడు, కూతురూ తలెత్తుతుంది. లౌడ్‌స్పీకరు సరిగ్గా ఆ అద్దం తలుపు పైన ఉంది. ఇద్దరూ అటే చూస్తారు. ఇంకా మాట రాదు. చూపులు మెల్లగా దిగుతాయి. దిగేచోట తలుపుంది, తలుపుకు అటూ ఇటూ వాళ్ళిద్దరూ ఉన్నారు.

సూది భుజం మీదుగా చదువుతూ చదువుతూ, తను చేస్తున్నానని తెలియకుండానే తలెత్తింది. తర్వాత దించింది. వదిన ముఖం కనిపించింది.

గంట కొట్టే ఆయన తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఎండ గోడ మీద పడింది. సూది కాగితాలు లాక్కుని పరిగెత్తింది. మైకమ్మ వెనకాలే వెళ్ళింది, చెప్పు ఒకటి బల్ల కిందే ఉండిపోయింది.

కాగితాలు తీసుకుంటున్నది ఎడిటర్ గారే. ముద్రలు సరిచూస్తూ తిప్పి, చివరి కాగితం దగ్గర ఆగారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"మైకు ఉంది ఇందులో."

"ఉందండి" అంది మైకమ్మ.

"మాట వినిపించకూడదన్నాం."

"వినిపించదండి. మైకు తెరుచుకుంటుంది, అంతే. ఊపిరి ఉంటుంది. ఊపిరి కూడా పనికిరాదా?"

ఆయన ఆవిడ వంక చూశారు. కాగితాన్ని దొంతర మీద పెట్టారు. వెనక గంట మోగింది.

తర్వాత అందరికీ టీలు ఇచ్చారు. మైకమ్మ గ్లాసు చల్లారిపోయింది. లోపలి గదిలో చదువుతున్నారు. తలుపు వేసి ఉంది. ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు, ఆ నవ్వు ఎవరి కథకో తెలియదు.

"పార్శిల్ ఆఫీసైనా పర్లేదులే వదినా" అంది సూది. "నిన్ను పెట్టెలో పెట్టి పంపరుగా."

"నోరు ముయ్యవే."

"నీ కథలో అందరి నోళ్ళూ మూశావుగా, చాలదా? నేను నోరు మూస్తే ఇక్కడ ఎవరికీ తోచదు."

మైకమ్మకు నవ్వు రాలేదు. తను పక్కన పెట్టిన కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఐదో నంబరు ప్లాట్‌ఫారం. దాన్ని మడిచింది, ఇంకా చిన్నగా మడిచింది.

లోపలి తలుపు తెరుచుకుంది. ఎడిటర్ గారు ఒక్కరే వచ్చారు. వేదిక ఎక్కారు. హాలంతా సద్దుమణిగింది. ఆయన చేతిలో కాగితం లేదు. గొడుగూ లేదు, సంచీ లేదు. ఏం చేసి చూపిస్తారో తెలియలేదు. వీడియో ఆయన మెడ ముందుకు చాచాడు.

ఆయన వంగి, మైకు మీట మీద వేలు పెట్టారు. గంట కొట్టే ఆయన వంక చూశారు.

గంట ఒక్కసారి మోగింది.

మైకు తెరుచుకున్న చప్పుడు. పైన, గుమ్మం మీది లౌడ్‌స్పీకరులోంచి ఒక ఊపిరి వచ్చింది. మాట రాలేదు.

బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా, గ్లాసులు పట్టుకున్నవాళ్ళు, వీడియో ఆయన, గోడకు ఆనుకున్నవాళ్ళు, ఒక్కరూ మిగలకుండా తలెత్తారు. ఇన్నేళ్ళూ అద్దం వెనక కూర్చుని ఇలా తలలు ఎత్తించిన మైకమ్మ, అందరితో పాటు తనూ తలెత్తింది. కింది నుంచి చూస్తే లౌడ్‌స్పీకరు ఇంత ఎత్తున ఉంటుందని ఆవిడకు ఇప్పటిదాకా తెలియదు.

చూపు మెల్లగా దించింది. సూది ఏడుస్తోంది. ముఖం అటు తిప్పుకోవడం మర్చిపోయింది.

"వదినా" అంది ముక్కు తుడుచుకుంటూ, "నోరు ముయ్యి. ఈగలు దూరతాయి."