రాయి లేని గాజులు

2023, రంజాన్ సీజన్. ఉస్మాన్‌గంజ్‌లో నాది గాజుల కార్ఖానాలకు రా మెటీరియల్, అంటే లక్క, రంగులు, అద్దపు రాళ్లు అమ్మే కొట్టు. రాళ్లు ఉత్తరాది నుంచి రావాలి. ఆ ఏడు రాళ్ల లారీ దారిలో ఎక్కడో ఇరుక్కుపోయింది. అక్కడి వ్యాపారికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "రేపు, రేపు" అనడమే.

సల్మా ఆపా పాతబస్తీలో ఐదుగురు ఆడవాళ్లతో లక్క గాజులు చేయిస్తుంది. పండుగకు సరుకు అందకపోతే షాపులవాళ్లు బయటి నుంచి రెడీమేడ్ గాజులు తెప్పించుకుంటారు. వాటికి అలవాటు పడితే ఇక ఆమె గడప తొక్కరు. ఆ బెంగతోనే నా కొట్టుకొచ్చి కూర్చుంది.

"ఇగ ఎవరి దిక్కు చూసుడు లేదు శంకర్ భాయ్. రాళ్లు గూడ మేమే చేసుకుంటం. రెసిన్ ఇయ్యి."

"లక్క గూడ నువ్వే పండిస్తవా ఆపా?"

"నీ మజాక్ పక్కకు పెట్టు."

రెసిన్ అంటే అచ్చుల్లో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం. ఇచ్చాను. అడిగిన సరుకు వద్దనే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. వెళ్లి చూస్తే అందరి మొహాలూ వేలాడుతున్నాయి. రాళ్లు విడిగా బాగానే మెరుస్తున్నాయి. కానీ లక్కను నిప్పుల మీద వేడిచేసి, అది మెత్తగా ఉండగానే రాయి పొదగాలి. అద్దం ఆ వేడికి చలించదు. రెసిన్ మెత్తబడి, మసకబారి, చప్పిడి ముక్కులా అణిగిపోయింది. ఈ అచ్చుల గొడవలో పడి గాజులు చుట్టడమూ ఆగిపోయింది.

"రాళ్ల పని నేర్సుకునేలోపు పండుగ దాటిపోతది. రాయి లేకుండనే చేద్దం ఆపా, మనకొచ్చింది లక్క పనే గదా" అంది గాజులు చుట్టే యాదమ్మ. రెండు రంగుల లక్కను సన్నగా సాగదీసి, జడలా పేని, గాజు చుట్టూ అంటించింది.

సల్మా దాన్ని వెలుతురులో తిప్పితిప్పి చూసింది. "మస్తున్నదే!"

షాపులవాళ్లు మొదట పెదవి విరిచారు. తీరా పండుగ దగ్గర పడేసరికి ఇంకా కావాలని వాళ్లే వెంటపడ్డారు.

రాళ్లు పండుగయ్యాక తీరిగ్గా దిగాయి. సల్మా వాటిని కొనడం మానలేదు, వచ్చే సీజన్‌కని ముందే ఒక డబ్బా దాచుకుంటోంది. అన్నీ మనమే చేసుకోవాలని నెత్తికెత్తుకుంటే ఉన్న పని కూడా చేజారుతుందని, బయటి సరుకు ఆగిన రోజు మనల్ని నిలబెట్టేది చేతికి బాగా వచ్చిన పనేనని నాకు అప్పుడే తెలిసింది.

రాళ్ల వ్యాపారికి శాంపిల్‌గా ఆ జడగాజులు పంపాను. ఇప్పుడు రాళ్లు తెచ్చిన లారీలోనే అవి వాళ్ల ఊరికి వెళ్తున్నాయి. సరుకు ఆలస్యమైతే ఫోన్ చేసేది అతను. "రేపు, రేపు" అనేది సల్మా.