దుర్గమెక్కిన జబ్బులు

ఆత్మకూరు మొత్తానికి గుండ్రాయిలాంటి ఆరోగ్యం ఉన్న మనిషి మల్లికార్జునం. ఈ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు. ఆయన మాట నమ్మితే ఆయనకు లేని జబ్బు లేదు. పొద్దున ఒక జబ్బుతో నిద్ర లేస్తాడు. మధ్యాహ్నానికి అది పోయి ఇంకోటి వస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు, రేపు రాబోయే దాని గురించి భార్యకు సూచనగా ఒక మాట చెప్పి మరీ పడుకుంటాడు.

బజారులో ఆయనకు వక్కలు, కర్పూరం, అగరొత్తుల హోల్‌సేల్ అంగడి ఉంది. దారిన పోయేవాడెవడైనా "బాగుండావా శెట్టీ?" అని మాటవరసకు అడిగాడా, వాడికి ఇక బస్సు తప్పినట్టే. అరికాలి మంటతో మొదలుపెట్టి మాడుపోటు దాకా వచ్చేసరికి ఆ బస్సు బద్వేలు చేరుతుంది.

ఇంట్లో సుబ్బరత్నమ్మ మాత్రం మొగుడి జబ్బులను ఎండావానల్లాగా చూడటం నేర్చుకుంది.

"ఈరోజు ఏంది?" అని అడుగుతుంది అన్నం పెడుతూ.

"కుడి భుజం. పైకి లేవడంలా."

"సరే, కిందనే పెట్టుకొని తినండి."

ఒకసారి ఆయన్ని నెల్లూరు తీసుకుపోయి నఖశిఖ పర్యంతం పరీక్షలు చేయించారు. డాక్టరు రిపోర్టులు తిరగేసి, "మీకేం లేదండీ, నాకంటే బాగున్నారు" అన్నాడు. మల్లికార్జునం మొహం చిన్నబోయింది. మెట్లు దిగుతూ భార్యతో, "మిషన్లు పాతవైపోయినాయి" అన్నాడు.

బంధువుల పెళ్లిలో ఇంకో కథ. సంప్రదాయమని నేల మీద పంక్తి వేశారు. అందరూ కూర్చోబోతుండగా మల్లికార్జునం నడుం పట్టుకుని కేక పెట్టాడు. "పట్టేసింది! కింద కూర్చుంటే లేపేదానికి క్రేను తేవాల్సిందే. బల్ల వేయించండి." బల్ల వచ్చింది. "ఒక్కణ్ణే పైన కూర్చుని తింటే దిష్టి తగులుతాది, ఇంకెవరన్నా రండబ్బా" అన్నాడు. కీళ్లనొప్పులతో గోడకానుకుని నిలబడి ఉన్న వరదయ్య తాత గబగబా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. భోజనాలయ్యాక మల్లికార్జునం బల్ల కిందికి దూరి చెప్పులు వెతుక్కుంటుంటే అల్లుడు హరిప్రసాద్ చూశాడు.

"నడుం ఎట్లుంది మామా?"

"పాయసంతో సర్దుకున్యాది."

ఈ హరిప్రసాద్ నెల్లూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. మంచివాడు. జీవితంలో ఒకే ఒక్క పెద్ద అబద్ధం ఆడాడు. పెళ్లిచూపుల్లో మల్లికార్జునం కూతురు శ్రీదివ్య "మీ హాబీలేంటి?" అని అడిగింది. హరికి హాబీలంటూ ఏవీ లేవు. ఎదురుగా గోడ మీద క్యాలెండర్‌లో మంచుకొండ బొమ్మ కనబడింది. "ట్రెక్కింగ్" అన్నాడు. ఆ క్యాలెండర్‌లో దేవుడి బొమ్మ ఉండుంటే భక్తి అని చెప్పి బయటపడేవాడు. నిజానికి అతను రెండో అంతస్తు నుంచి కిందికి చూస్తే అరికాళ్లు జిల్లుమనే మనిషి.

అబద్ధానికి ఫలం మొదటి పెళ్లిరోజున ఆత్మకూరులో అత్తగారింట్లోనే చేతికందింది.

"ఉదయగిరి దుర్గం మీదికి ట్రెక్కింగు బుక్ చేసినా. ఒక రాత్రి పైనే గుడారాల్లో. మీకు కొండలంటే ప్రాణం కదా!" అంది శ్రీదివ్య.

"ప్రాణమే" అన్నాడు హరి. ఆ క్షణాన అతను ఆలోచిస్తున్నది కూడా దాని గురించే.

పక్కనే అరచేతికి అమృతాంజనం రాసుకుంటున్న మల్లికార్జునం తలెత్తాడు. "నేనూ వస్తా" అన్నాడు.

"మీ మోకాళ్లు?" అంది సుబ్బరత్నమ్మ.

"వాటిని తీసుకునే వస్తా."

హరికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఈ మనిషి కొండలో పావు భాగం ఎక్కకముందే కూలబడతాడు. అందరూ వెనక్కి దిగాల్సి వస్తుంది. తన పరువూ దక్కుతుంది. మల్లికార్జునం జబ్బుల మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి లోకంలో అతనే మొదటివాడు.

శనివారం పొద్దున్నే ఉదయగిరిలో కొండ కింద కలుసుకున్నారు. గైడు షఫీక్ మామూలు రోజుల్లో కారు డ్రైవరు, చలికాలం శని ఆదివారాల్లో మాత్రం ఇట్లా చిన్న చిన్న గుంపులను కొండెక్కిస్తాడు. వాళ్లమ్మ బీబీజాన్ కొయ్య గరిటెలు చెక్కుతుంది. నాలుగు గరిటెలు కొడుకు సంచిలో దోపి, మల్లికార్జునానికి వినబడేట్టు చెప్పింది. "ఇవి కొత్తవి శెట్టిగారూ, గుడ్డు గూడా తగల్లేదు." గుంపులో ఇంకొకావిడ వరికుంటపాడులో రిటైరైన సారా టీచరు. మనిషి భారీ. "ఇంట్లో కూర్చుంటే మా చెల్లెలు నా చేత సీరియళ్లు చూపిస్తాంది. దానికంటే కొండే నయమని వచ్చినా" అంది.

నడక మొదలైంది. రాళ్లదారి, రెండు పక్కలా తుప్పలు. మొదటి మలుపు తిరిగాక సారా టీచరు మాట్లాడటం మానేసింది. రెండో మలుపు దగ్గర మల్లికార్జునం "అమ్మా!" అని మోకాలు పట్టుకుని బండ మీద కూర్చున్నాడు.

"ఏమైంది నాయనా?" అంది శ్రీదివ్య.

"చిప్ప కదిలింది. కాసేపు కదిలించకుండా ఉంటే దాని చోటికి అదే పోతాది. అందరూ కూర్చోండి, మీరు నిలబడుంటే నాకు కంగారు."

ఆయన మాట పూర్తికాకముందే సారా టీచరు పక్క బండ మీద దబ్బున కూర్చుంది. హరి ఆశగా మామ దగ్గరికి వంగాడు.

"మామా, పరిస్థితి బాగాలేనట్టుంది. వెనక్కి పోదామా?"

"ఈ మోకాలికి దిగుడు అసలు పడదబ్బా. ఎక్కుడే దీనికి మందు."

సారా టీచరు ఊపిరి కుదుటపడి నీళ్లు తాగి మూత పెట్టేసరికి చిప్ప దాని చోటికి అదే పోయింది. మల్లికార్జునం లేచి మేకలా ముందుకు నడిచాడు.

ఇంకొంచెం పైకి పోయాక ఆయన వీపులో గాలి చేరింది. షఫీక్ అప్పటికి గుడారాల మూటను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నడుస్తున్నాడు.

"షఫీకూ, ఆ మూట ఇట్లా ఇయ్యి. వీపు మీద బరువు పెడితేగాని ఈ గాలి అణగదు."

"వద్దు శెట్టిగారూ, బరువు ఎక్కువుండాది."

"గాలి నీకా, నాకా?"

మూట చేతులు మారింది. హరి నీరసపడిపోయాడు. గుడారాలు మోస్తూ కొండెక్కుతున్న రోగిని చూపించి వెనక్కి పోదామంటే ఎవరు వింటారు?

ఎండ దిగుతుండగా అసలు చోటు వచ్చింది. ఒక పక్క నిట్టనిలువు బండ. ఇంకో పక్క ఏమీ లేదు. పాత కోటగోడ కూలిపోయిన చోట గాలి, ఆ గాలికి అడుగున ఎక్కడో అగ్గిపెట్టెల్లాగా ఉదయగిరి మిద్దెలు. మధ్యలో బండలో తొలిచిన మెట్లు. మరీ ఇరుకేం కాదు. షఫీక్ ఈల వేసుకుంటూ దాటాడు. సారా టీచరు దేవుణ్ణి తలుచుకుని, శ్రీదివ్య చెయ్యి పట్టుకుని దాటింది.

హరి కాళ్లు మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి. పొమ్మని చెప్పాడు. అవి వినలేదు. అవతలి ఒడ్డు నుంచి శ్రీదివ్య "రండి!" అని నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. నోరు తెరిచి నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోరూ కాళ్లతో కలిసిపోయింది.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి మూలుగు వినబడింది.

"హరీ... నాకు కళ్లు తిరగతా ఉండాయి నాయనా. పడిపోయేట్టుండా. నువ్వు కొండలెక్కినోడివి, నన్ను దాటించాల."

అంటూనే ఆయన హరి ముందుకొచ్చి, అతని మణికట్టు పట్టుకున్నాడు. ఉడుంపట్టు.

"ఇదో, నువ్వు బండ వైపు ఉండు, ఆనుకునేదానికి. నా మడమలే చూస్తా ఉండు. చెప్పు జారితే చెప్పు. పక్కకు చూసినావా, నేను పోయినట్టే."

హరి మడమలు చూశాడు. పగిలిన మడమలు, వాటికి పసుపు. ఒక మెట్టు. మామ ఆగకుండా మూలుగుతూనే ఉన్నాడు.

"అమ్మో, తల గానుగ లెక్క తిరగతాంది. చెప్పు జారిందా?"

"లేదు మామా."

"చూస్తాండావా?"

"చూస్తాండా."

ఉన్నట్టుండి మడమలు ఆగాయి. కింద గడ్డి కనబడింది. దాటేశారు. మల్లికార్జునం నుదురు తుడుచుకుని అందరికీ ప్రకటించాడు. "అల్లుడు లేకపోతే ఈరోజు నేను లేను!"

"కొడుకు గూడా ఇట్లా చూసుకోడు" అంది సారా టీచరు.

హరి ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత వినయంగా నవ్వాడు. కొండ మీది చదునులో గుడారాలు వేసేసరికి, తనే ఆయన్ని దాటించానని అతనికి పూర్తిగా నమ్మకం కుదిరింది. షఫీక్‌కు వివరించాడు కూడా. "ఏం లేదు, అట్లాంటప్పుడు మనం ధైర్యం చెప్పాలి. అంతే."

పొద్దు వాలుతుండగా మామగారి కళ్లు ఎట్లా ఉన్నాయో అడుగుదామని వెతుక్కుంటూ వెళ్లాడు. మల్లికార్జునం కూలిన బురుజు చిట్టచివరి రాయి మీద ఒంటికాలి మీద నిలబడి, ఫోను గాలిలోకి ఎత్తి సిగ్నలు పడుతున్నాడు. చూస్తున్న హరికే కళ్లు తిరిగాయి.

"ఆఁ, సుబ్బరత్నం! వినబడతాందా? అందరం బాగుండాం... నాకేం, గుండ్రాయి లెక్కుండా. పిల్లోడే కొంచెం... దాటేసినాడులే. అదే, సోమశిల డ్యాము మీద కారు దిగకుండా కూర్చున్నాడని చెప్పలా? కొండకు పోతాడని తెలిసినాక వాణ్ణి ఒక్కణ్ణే ఎట్లా పంపేది?"

ఫోను దింపి తిరిగాడు. ఎదురుగా హరి.

"తగ్గిందా హరీ?" అన్నాడు మల్లికార్జునం. అని నాలిక్కరుచుకున్నాడు. "అంటే, నాకు తగ్గలా" అంటూ ఆ రాయి మీదే జాగ్రత్తగా కూలబడ్డాడు.

హరి గుడారాల దగ్గరికి వచ్చాడు. పొయ్యి దగ్గర శ్రీదివ్య కొయ్య గరిటెతో ఉప్మా కలుపుతోంది.

"మీ నాయనకు నిజంగా ఏ జబ్బూ లేదా?"

"నేను టెన్త్ లెక్కల్లో ఫెయిలైనప్పుడు పచ్చకామెర్లు వచ్చినాయి" అంది ఆమె. "ఒంటికి పసుపు పూసుకుని, అంటుకుంటాదని ఎవర్నీ గడప ఎక్కనివ్వలా. చుట్టాలంతా వీధిలో నుంచే ఆయన్ని పరామర్శించి పోయినారు. నా మార్కులు ఎవరూ అడగలా."

హరి పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోశాడు.

"నా సంగతి నీకూ తెలుసా?"

"మిద్దె మీద బట్టలు ఆరేసేదానికి ఎప్పుడన్నా పైకొచ్చినారా మీరు?"

"మరి ఈ కొండెందుకు బుక్ చేసినావు?"

"ఇప్పుడన్నా చెప్తారేమోనని" అంది. "నేను గూడా మొండిదాన్నే. ఉప్మా తినండి."

మర్నాడు పొద్దున దిగేటప్పుడు మళ్లీ ఆ మెట్లు వచ్చాయి. మల్లికార్జునం అప్పటికే నుదుటికి చెయ్యి ఆనించి సిద్ధంగా ఉన్నాడు.

"హరీ, నాకు మళ్లీ కళ్లు..."

"తిరిగేది మీకు కాదు మామా, నాకు" అన్నాడు హరి, అందరికీ వినబడేట్టు. "నాకు ఎత్తంటే భయం. నేనెప్పుడూ ఏ కొండా ఎక్కలేదు. కొంచెం చెయ్యి పట్టుకోండి."

సారా టీచరు షఫీక్ వైపు చూసింది. షఫీక్ కొండ వైపు చూశాడు. శ్రీదివ్య ఎటూ చూడకుండా నవ్వింది. మల్లికార్జునం ఒక్కడే దిక్కులేనివాడిలా అయిపోయాడు. చేతిలోని జబ్బును ఎవరో లాక్కుపోయారు.

"ఇద్దరికీ తిరిగితే తప్పా?" అన్నాడు చివరికి.

"తప్పేం కాదు మామా."

ఆయన మొహం వెలిగింది. హరి మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరు రోగులూ మెట్లు దిగారు. ఒకడు నిజంగా వణుకుతూ, ఇంకొకడు రెండింతలు మూలుగుతూ.

సగం కొండ దిగాక దారి సాఫైంది. షఫీక్ నడక పెంచాడు. హరి ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. సారా టీచరు పెదవులు బిగించి, ఒక్కో రాయికీ కాలు ఆనించి ఆనించి దిగుతోంది. ఆగమని అడగడం ఆమెకు చేతకాదు. జన్మంతా పిల్లల్ని నడిపించిన మనిషి.

హరి ఆగి, ఛాతీ పట్టుకున్నాడు.

"గుండె దడగా ఉంది" అన్నాడు. "కాసేపు అందరం కూర్చుందామా?"

"అయ్యో, పాపం పిల్లోడు!" అంటూ సారా టీచరు అందరికంటే ముందు కూర్చుంది. కూర్చుని, సంచిలోంచి బత్తాయి తీసి వలిచి సగం అతని చేతిలో పెట్టింది. శ్రీదివ్య, షఫీక్ పక్క బండ మీద చేరారు.

మల్లికార్జునం వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నాడు. అతని చేతిలోని బత్తాయిలోంచి ఒక తొన తీసి నోట్లో వేసుకున్నాడు. తర్వాత దగ్గరికి జరిగి, చెవిలో మెల్లగా అన్నాడు.

"గుండె ఎడం పక్కన ఉంటాది నాయనా."

హరి చెయ్యి మార్చుకున్నాడు.