అక్క సూదంటురాయి

మా అక్క చేతిపనిని కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను. నేనూ పోతే అది జరిగినట్టే ఉండదు. అందుకే రాసి ఉంచుతున్నాను.

మొయినాబాద్‌లో అక్క లంగాలు కుట్టేది. నాడ కొసకు పిన్నీసు గుచ్చి, నడుము పట్టీలోకి దూర్చి, బట్ట పైనుంచి సూదంటురాయితో లాగేది. కుట్టు అడ్డొచ్చిన చోట రాయిని కాస్త పక్కకు జరిపితే లోపల పిన్నీసూ పక్కకు తిరిగేది. ఆ రాయి పాడైన సైకిల్ డైనమోలోది. నేనే ఊడదీసి ఇచ్చాను.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడుస్తుండగా, అక్కకు తలనొప్పులు మొదలయ్యాయి. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బిందని, పుర్రె తెరిచి ఆపరేషన్ చేయాలని పట్నం దవాఖానలో డాక్టర్ చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు.

నేను బడికి పోయింది తక్కువే. అయినా చేవెళ్ల గ్రంథాలయంలో నేను చదవని పత్రిక లేదు. అక్కడే ఒక వ్యాసం దొరికింది. సన్నని గొట్టం కొనకు చిన్న అయస్కాంతం పెట్టి, రక్తనాళంలోకి పంపి, శరీరం బయట ఉన్న అయస్కాంతంతో దాన్ని మలుపులు తిప్పుతూ ఉబ్బిన చోటి దాకా నడిపి, ఆ బుడగను లోపలినుంచే పూడ్చాలని విదేశాల్లో ప్రయత్నిస్తున్నారట. ఒగరుస్తూ సైకిల్ తొక్కి, ఇంటికొచ్చి చెప్పాను.

అక్క నవ్వింది. "గిది నేను రోజు చేస్తలేనా తమ్మి? నా రాయి తీస్కపోయి మీ డాక్టర్‌కియ్యి."

"నవ్వులాట కాదక్కా. తల కొయ్యకుండనే చేస్తరట."

"అట్లయితే నేనొస్త. అడిగి రాపో."

బంద్ వల్ల బస్సుల్లేవు. రాయిని జేబులో వేసుకొని సైకిల్ మీదే పట్నం పోయాను. డాక్టర్ అంతా విన్నాడు. రాయిని చూసి నవ్వలేదు.

"నువ్వు చదివింది నిజమే. కానీ అక్కడ కూడా ఇంకా ప్రయోగాలే. మన దాకా ఎప్పుడొస్తుందో చెప్పలేను" అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. "ఏమన్నడు?"

"వస్తదట అక్కా. జర టైం పడతదట."

"పట్టనీ. అందాక ఆగుత."

ఆ వానకాలంలోనే, కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న చోటే ఒరిగిపోయింది. ఒళ్లోని లంగాలో నాడ సగం దాకా వచ్చి ఆగి ఉంది.

అయస్కాంతంతో గొట్టాన్ని నడిపే ఆ వైద్యం గురించి ఏ కొత్త సంగతి చదివినా, సైకిలెక్కి ఇంటికి పోయి అక్కకు చెప్పాలని ఇప్పటికీ కాళ్లు లాగుతాయి.

మూసే వేళ దాటినా నన్ను చదువుకోనిచ్చిన గ్రంథాలయం అన్నకు, నా మాట కొట్టిపారేయని డాక్టరుకు దండాలు. ఆ లంగా పక్కింటి అవ్వ మనవరాలిది. దినాలయ్యాక, "మిగిలింది నువ్వే ఎక్కియ్యి కొడుకా" అని రాయిని నా చేతిలో పెట్టిన ఆ అవ్వకు కూడా.