వెళ్ళొస్తానన్న దొరసాని

ఎనభైల మొదట్లో అమ్మ అమెరికాలో, పిస్కాటవేలో మా దగ్గర ఉండేది. కంపెనీ నన్ను పని మీద జర్మనీ పంపుతోందని చెప్పగానే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదల్లా ఆగిపోయింది.

"దొరసానమ్మ ఊరు అక్కడే కదే! సమాధి మీద నాలుగు పువ్వులు పెట్టిరా. నేనింకా ఉన్నానని చెప్పు," అంది.

తల్లీతండ్రీ లేని అమ్మని గోదావరి ఒడ్డున మిషన్ బోర్డింగులో పెంచింది ఆ జర్మన్ దొరసానే. ఎక్కడికి బయల్దేరినా "నేను పోతున్నాను" అనేదట. అది చావు మాటని పిల్లలు లబోదిబోమనేవాళ్ళట. ఆఖరిసారి ఓడెక్కడానికి వెళ్తూ కూడా అదే అంది. తొమ్మిదేళ్ళ అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకు ఆపి, "వెళ్ళొస్తాను అనాలమ్మా" అని దిద్దింది. ఆవిడ నవ్వి, అలాగే అంది. అమ్మ ఆ మాట ఎంత నమ్మిందంటే, పెళ్ళయి వెళ్తూ బోర్డింగు వాచ్‌మన్‌కి కొత్త అడ్రసు ఇచ్చి వెళ్ళింది. దొరసాని పోయిందన్న కబురు ఎన్నో ఏళ్ళకి మిషన్ ద్వారా తెలిసింది.

ఆఫీసు పని అయ్యాక రైలెక్కి ఆ ఊరు వెళ్ళాను. కొండ మీద కోట, దాని కింద గుప్పెడు పాత ఇళ్ళు. దొరసాని కోట బొమ్మ గీసి 'మా ఊరు' అంటే రాజుగారి కూతురే అనుకున్నారట బోర్డింగు పిల్లలు. తీరా చూస్తే వాళ్ళది కోటగోడ పక్కన రొట్టెల కొట్టు.

చర్చి పాస్టరుగారు శ్మశానంలో ఒక సమాధి దగ్గర ఆగారు. రాతి మీద ఇంకెవరిదో పేరు. అక్కడ సమాధి స్థలం కొన్నేళ్ళకే ఇస్తారట. గడువు పెంచమని ఎవరూ రాకపోతే మరొకరికి ఇచ్చేస్తారట.

"ఆమెకి ఎవరూ లేరు," అన్నారాయన ఇంగ్లీషులో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దమనిషి తప్పేం లేదని తెలిసి కూడా మండింది. తెచ్చిన పువ్వులు ఆ పరాయి రాతి దగ్గరే పెట్టి, అమ్మ చెప్పమన్నది తెలుగులో చెప్పాను.

ఇంటికొచ్చి కోట గురించి చెప్పాను, రొట్టెల కొట్టు గురించి చెప్పాను. "సమాధి ఎలా ఉందే?" అనడిగింది అమ్మ. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కానీ ఆవిడ మొహం చూస్తూ ఆడలేకపోయాను.

"లేదమ్మా. తీసేశారు."

అమ్మ చీర కుచ్చెళ్ళు అనవసరంగా సర్దుకుంది.

"ఆవిడ మొదట సరిగ్గానే అందే," అంది. "నేనే దిద్దాను."